సున్నపు గీతకు ఎదురుగా

ఎమర్జెన్సీ ఎత్తేసిన మూడో ఏడు తిరుపతిలో బజారు వీధికి గీత గీశారు.

రైలు స్టేషను నుంచి కోవెల దాకా, ఎడమ చేతి పక్క మూడు మూరలు వదిలి, సున్నంతో గీశారు. గీత లోపల సైకిళ్ళు. గీత బయట బస్సులు, జట్కాలు, రిక్షాలు. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా ఏ బండయినా కోవెల వైపుకే పోవాలి. ఎదురు రాకూడదు. స్టేషను వైపు పోవాల్సిన వాళ్ళు కూరగాయల మార్కెట్టు చుట్టుకొని వెనక వీధి మీద పోవాలి. ఇదీ రూలు. యాత్రకు వచ్చిన ముసలావిడ ఒకామె ఎదురొచ్చిన సైకిలు కింద పడి తుంటి విరగ్గొట్టుకున్నాక పెట్టిన రూలు అది.

రూలు రాసిన పలక ఒకటి మూలమీద కట్టారు. దాన్ని చదివి నేర్చుకున్న వాళ్ళు తక్కువ. వెంకటమునిని చూసి నేర్చుకున్న వాళ్ళే ఎక్కువ.

వెంకటముని ట్రాఫిక్కు కానిస్టేబులు. ఊరు ఐరాల. కాఫీ హోటలు మూలమీద నిలబడేవాడు. ఎదురొచ్చిన సైకిలు హ్యాండిలు పట్టుకొని, వంగి, వెనక చక్రం వాల్‌ట్యూబు పీకి రేకు డబ్బాలో వేసుకునేవాడు. అర మైలు నెట్టుకుంటూ పోతే గానీ గాలి కొట్టే అంగడి లేదు. అది మొదటిసారికి. రెండోసారి దొరికితే బుక్కులో పేరు రాసి శనివారం కోర్టుకు రమ్మనేవాడు. తప్పించుకునేందుకు అబద్ధం చెప్పినట్టు తేలితే మొదటిసారే పేరు రాసేవాడు, సైకిలు అప్పటికప్పుడు పోలీసు స్టేషనుకు పోయేది. ఎవరి దగ్గరా బీడీ ముక్క కూడా తీసుకోడు. కౌన్సిలరు బామ్మర్దికి కూడా గాలి తీశాడు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు.

సారంగపాణికీ తెలుసు. ఆయన స్టేషను పక్కనున్న ఒక సత్రం ట్రస్టు ఆఫీసులో అటెండరు. ఇల్లు కోవెల వెనక సందులో. నలభై ఆరేళ్ళ మనిషి. నుదుట తిరునామం లేకుండా గడప దాటి ఎరగడు. గీత గీసిన నాటి నుంచి పది నెలలు వెనక వీధి మీదే ఆఫీసుకు పోయాడు. బురద ఉన్నా పోయాడు, ఎద్దుల బండ్లు అడ్డమున్నా పోయాడు. ఒకరితో మాట పడని మనిషి. ఇంకొకరిని అనేవాడూ కాదు.

పెరుమాళ్ళకు ప్రీతి అనే పెరటాసి నెల మొదటి శనివారం ఆయన భార్య కల్యాణవల్లి పులిహోర కలిపింది. కలపడం కొంచెం ఆలస్యమైంది.

"ఉండండి. పెరుమాళ్ళకు చూపించి పెట్టేస్తాను. అయిదు నిమిషాలు" అంది.

వాళ్ళింట్లో ఏది వండినా ముందు పెరుమాళ్ళకు ఆరగింపు చేసి, తర్వాతే మనుషులు తినాలి. పెళ్ళయిన నాటి నుంచి ఒక్కనాడు తప్పలేదు.

"అయిదు నిమిషాలుంటే రిజిష్టర్లో ఎర్ర సున్నా పడుతుంది. పెట్టెయ్యవే" అన్నాడు సారంగపాణి. కొత్తగా వచ్చిన ఆఫీసరు పది కొట్టగానే రాని వాళ్ళ పేరు దగ్గర ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాడు. సారంగపాణికి అప్పటికే రెండున్నాయి.

ఆమె మొహం చిన్నబుచ్చుకొని క్యారియరులో పెట్టి ఇచ్చింది. ఆయన సైకిలెక్కాడు. సందు చివరకొచ్చాక కుడికి తిరిగితే వెనక వీధి. ఎడమకు తిరిగితే బజారు వీధి. గడియారం తొమ్మిదీ యాభై. ఎడమకు తిరిగాడు.

కాఫీ హోటలు మూల దాటితే చాలనుకున్నాడు. హ్యాండిలు మీద చెయ్యి పడింది.

"యాడికి సామీ, ఎదురు?"

సారంగపాణి దిగాడు. హోటల్లో గ్లాసులు పట్టుకున్న వాళ్ళు అరుగు మీదికి వచ్చి చూస్తున్నారు. వెంకటముని అప్పుడే చక్రం వైపు వంగాడు. నామం పెట్టుకొని, గాలి లేని సైకిలు అర మైలు నెట్టుకుంటూ ఈ బజారంతా పోవాలి. పోయేసరికి పదిన్నర. ఆలోచించి అన్న మాట కాదు. నోరు తెరిస్తే అదే వచ్చింది.

"ప్రసాదం అప్పా. కోవెల నుంచి. ఆఫీసులో పెద్దాయనకు వేడిగా చేర్చమన్నారు."

వెంకటముని చెయ్యి చక్రం దగ్గరే ఆగిపోయింది. లేచి నిలబడ్డాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అంతటితో ఆగలేదు. బూట్ల లేసులు విప్పి, బూట్లు పక్కన పెట్టి, తారు రోడ్డు మీద వట్టి కాళ్ళతో నిలబడి రెండు చేతులూ చాపాడు.

"ఒక్క పలుకు పెట్టు సామీ. ఇంట్లో మనిషికి బాగల్యా. రెండు నెల్లుగా జొరం. మెతుకు నోట్లో పెట్టదు."

దొంగకు తేలు కుట్టినట్టయింది సారంగపాణికి. హోటలాయన అరిటాకు ముక్క తెచ్చిచ్చాడు. సారంగపాణి క్యారియరు విప్పి పై గిన్నెలోది ఆకులో పెట్టాడు. వెంకటముని కళ్ళకద్దుకొని పొట్లం కట్టాడు. హోటలాయన చెయ్యి చాపాడు. అరుగు మీద వాళ్ళు చాపారు. రిక్షావాడు చాపాడు. గిన్నె ఖాళీ అయింది.

"పో సామీ. నీకెవురు అడ్డం?" అన్నాడు వెంకటముని.

ఆ రోజు ఎర్ర సున్నా పడలేదు. మధ్యాహ్నం సారంగపాణి మజ్జిగన్నం మాత్రం తిన్నాడు. తినేటప్పుడు ఒకటే మాట చెప్పుకున్నాడు. 'మా ఇంట్లో వండిందంతా ప్రసాదమే కదా. పెరుమాళ్ళకు చూపించందే తినం కదా.' చెప్పుకున్న వెంటనే గుర్తొచ్చింది. ఆ పొద్దున చూపించలేదు. చూపించనియ్యలేదు.

సోమవారం వెనక వీధికే తిరిగాడు. అయినా వెంకటముని మూలమీద నుంచి చూసి కేకేశాడు.

"సామీ! ఇట్ల రా. అట్ల యాలపోతావు?"

దగ్గరికి పోయాడు. వెంకటముని మొహం వెలిగిపోతూ ఉంది.

"నాలుగు ముద్దలు తినింది సామీ. రెండు నెల్ల మింద నాలుగు ముద్దలు. ఇంగా ఉండాదా అని అడిగె. ఈ దినం కూడా కోవెల నుంచే గదా వస్తాండావు?"

సారంగపాణి లేదనవలసింది. "ఆ" అన్నాడు. ఆ రోజు క్యారియరులో శనివారం పులిహోర పులుసు మిగిలితే కలిపిన అన్నమే ఉంది. ఇచ్చాడు.

మంగళవారం ఇచ్చాడు. ఇంట్లో, "ఆఫీసులో అందరూ నీ పులిహోర బాగుందంటున్నారు, రోజూ కొంచెం కలిపి పెట్టు" అన్నాడు. కల్యాణవల్లి మురిసిపోయింది. నువ్వులు వేయించి పొడి కొట్టి కలపడం మొదలుపెట్టింది. రోజూ పెరుమాళ్ళకు చూపించే పెట్టింది. అయినా ఆయన కడుపులో మొదటి రోజుది అరగలేదు.

బుధవారం తెల్లవారే లేచి కోవెలకు పోయాడు. ఎవరినీ ఏదీ అడిగే అలవాటు లేని మనిషి. కోవెల వంటశాల మడపల్లి దగ్గర గంట సేపు నిలబడి, తెలిసిన వంట స్వామిని అడిగి, నిజమైన ప్రసాదం ఆకులో తెచ్చి వెంకటముని చేతిలో పెట్టాడు. ఇక రోజూ ఇట్లాగే తెచ్చిస్తే అబద్ధం నిజమైపోతుంది అనుకున్నాడు.

గురువారం వెంకటముని తల గోక్కుంటూ వచ్చాడు.

"అనగూడదు సామీ, చెంపలేసుకుంటా. నిన్నటిది ఆమె ముట్టలా. 'ఇది ఆ కూడు కాదు' అనె. జొరం నోరు గదా. ఆ ముందర మాదిరిది ఉంటే సూడు."

సారంగపాణి క్యారియరు విప్పాడు.

అట్లా రెండో బుధవారం వచ్చింది. పది రోజులు, రోజూ గీతకు ఎదురుగా. ఎదురొచ్చే సైకిళ్ళ వాళ్ళు ఆయన కోసం ఒదిగి దారిచ్చేవాళ్ళు. కొందరు దండం పెట్టేవాళ్ళు.

ఆ బుధవారం చిన్నబ్బ కూడా అదే దారిన వచ్చాడు. చిన్నబ్బది వడమాలపేట. పూల వ్యాపారం. కోవెల వైపునున్న పూల మార్కెట్టు నుంచి రెండు గంపల చామంతి కట్టుకొని ట్రస్టు ఆఫీసు పక్కనున్న పూల గదికి వేసేవాడు. అక్కడ మాలలు కట్టి సాయంత్రం కోవెలకు పంపేవాళ్ళు. మూడేళ్ళుగా ఆ పూలు లోపలికి పోయేటప్పుడు గది తలుపు తీసేది సారంగపాణే.

ఎప్పుడూ వెనక వీధిన పోయే చిన్నబ్బ, రోజూ సారంగపాణిని చూసి చూసి ఆ రోజు ఇటు తిరిగాడు. వెంకటముని పట్టుకున్నాడు.

"సామి పూలన్నా" అన్నాడు చిన్నబ్బ. "ట్రస్టు పూల గదికి."

"ప్రతివోడూ సామి పేరు సెప్పేవోడే."

"సామి కూటికి దోవుంటే సామి పూలకు ల్యాదా? అదో, అయ్యవారే ఉండాడు, అడుగు. దినామూ ఆయనే గదా తలుపు తీసేది."

వెంకటముని సారంగపాణి వైపు తిరిగాడు. "ఏం సామీ, ఈయన సెప్పేది నిజమేనా? నిజమైతే సెప్పు. నేనే మీ ఇద్దరితో ఆఫీసుకొస్తా. పెద్దాయనకాడ కాగితం రాయించుకొస్తా. పూలకూ ప్రసాదానికీ దోవిడిచినామని. అప్పుడు ఒకరూ నన్నడగరు."

ఆఫీసుకు వస్తాడు. పెద్దాయనను అడుగుతాడు. ఏ ప్రసాదం అంటాడు పెద్దాయన.

"నాకు తెలీదప్పా" అన్నాడు సారంగపాణి.

చిన్నబ్బ ఆయన మొహం వంక చూశాడు. గంపలు దించి రోడ్డు పక్కన పెట్టుకున్నాడు.

"సరే సామీ" అన్నాడు.

వెంకటముని బుక్కు తీసి చిన్నబ్బ పేరు రాశాడు. ఎదురు తొక్కినందుకు ఒకటి. దేవుడి పేరు మీద అబద్ధం చెప్పినందుకని సైకిలు పట్టుకున్నాడు. శనివారం దాకా ఇవ్వనన్నాడు.

సారంగపాణి ఎదురుగా తొక్కుకుంటూ ఆఫీసుకు పోయాడు.

మరునాడు బజారు వీధికి పోలేదు. వెనక వీధిన పోయాడు. పూల గది తలుపు తీసి నిలబడ్డాడు. పదికి రావాల్సిన చిన్నబ్బ పదకొండుంబావుకు వచ్చాడు, గంప నెత్తిన పెట్టుకొని, నడిచి. రెండో గంపకు మళ్ళీ పోవాలి. లోపల పూలు తీసుకొని మాలలు కట్టించే ఆనందమ్మ గట్టి మనిషి.

"ఏం చిన్నబ్బా, సామికి సాయంత్రం మాల ఏస్తారా, తెల్లారినాక ఏస్తారా? రేపు కూడా ఇట్లనే అయితే నేను వేరేవాళ్ళకాడ తీసుకుంటా."

చిన్నబ్బ గంప దించాడు. సారంగపాణి పక్క నుంచి పోతూ ఆగి, ముక్కు ఎగబీల్చాడు.

"పులిహోర వాసన బాగుండాది సామీ" అన్నాడు.

ఆ రోజు సారంగపాణి క్యారియరు విప్పలేదు. విప్పకుండానే ఇంటికి తీసుకుపోయాడు. రాత్రి నిద్ర పట్టలేదు. గాలి లేని సైకిలు నెట్టుకుంటూ పోవడం ఎంత చిన్న సిగ్గో ఆ రాత్రి తెలిసింది.

శుక్రవారం ఎనిమిదికే బయలుదేరి, వెనక వీధి చుట్టుకొని, స్టేషను వైపు నుంచి గీత లోపలే, తొక్కకుండా నెట్టుకుంటూ కాఫీ హోటలు మూలకు వచ్చాడు.

"ఏం సామీ, ఈ దినం ఇట్లొచ్చినావు?" అన్నాడు వెంకటముని. "నిన్న కనపల్యా. ఆమె అడిగె."

"అప్పా, అది ప్రసాదం కాదు."

"ఏది?"

"నేను తెచ్చింది. మొదటి రోజు నుంచి. మా ఇంట్లో వండింది. గాలి తీస్తావని భయపడి అన్నాను. చిన్నబ్బ పూలు నిజంగా ట్రస్టువే. నాకు తెలుసు. తెలీదన్నాను."

బస్సు ఒకటి గీత మీదికి వచ్చింది. వెంకటముని ఈల ఊది, చెయ్యి చూపి, దాన్ని పక్కకు పంపించి తిరిగి వచ్చాడు. అంతసేపూ సారంగపాణి సైకిలు పట్టుకొని అక్కడే నిలబడ్డాడు.

"ఎన్ని దినాలు?"

"పది. అందులో ఒక రోజు నిజంగా కోవెలదే."

"ఏ దినం?"

"మొదటి బుధవారం."

"అదే ఆమె ముట్టనిది" అన్నాడు వెంకటముని. నవ్వలేదు. కోపపడనూ లేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సారంగపాణికి.

మళ్ళీ వెంకటమునే అన్నాడు. "నీకు తెల్దు సామీ. ఆ కూడు వస్తాదని ఇంట్లో మాంసం మానిపిచ్చినా. పిలకాయలు అడిగితే కొట్టినా. దినామూ ఆమెను లేపి, తలకు పోసి, కొత్త కోక కట్టి కూసోబెట్టి పెట్టినాము. జొరమొచ్చిన మనిసికి."



"వేణ్ణీళ్ళేలే" అన్నాడు వెంకటముని, ఆయన మొహం చూసి.

"నా పేరు రాయప్పా."

"రాస్తా. రాయకుండా ఎట్ల? పది రాయలేను. చూసి వదిలింది నేను గదా. ఒకటి రాస్తా." బుక్కు తీశాడు. రాస్తూ రాస్తూ ఆగాడు. "అసలు నిజం ప్రసాదమైనా వదలగూడదు సామీ. గీతకు అన్నమేంది, పూలేంది? ఆ ముసలామె కింద పడినప్పుడు ఆ సైకిలోడు యాడికి పోతాండెనో ఎవురడిగినారు? చిన్నబ్బ ఎదురొచ్చినాడు, అది ఉంటాది. అబద్ధం అని రాసింది మాత్రం కొట్టేస్తా. నా సంగతి నేనే ఎస్సైకి చెప్పుకుంటా."

శనివారం కోర్టు వరండాలో ముప్పై మంది దాకా ఉన్నారు. డబుల్సు తొక్కినవాళ్ళు, దీపం లేనివాళ్ళు, గీతకు ఎదురొచ్చినవాళ్ళు. అందరినీ ఒక వరసలో నిలబెట్టారు. సారంగపాణి ముందు చిన్నబ్బ. గుమాస్తా పేరు చదివితే చెయ్యెత్తాలి.

మేజిస్ట్రేటు తలెత్తి చూశాడు. "నామం పెట్టుకొని ఎదురు పోయావా?"

వరసంతా నవ్వింది.

"పోయానండీ" అన్నాడు సారంగపాణి.

అందరికీ ఒకటే అపరాధం వేశారు. ఆయనకూ అంతే, చిన్నబ్బకూ అంతే. అబద్ధం మాట కొట్టేసి ఉంది గనుక చిన్నబ్బ సైకిలు ఇచ్చేయమన్నారు. వెంకటమునికి ఎస్సై రెండు వారాలు ఎక్కువ డ్రిల్లు వేశాడని వరసలో ఎవరో చెప్పుకున్నారు.

బయట చిన్నబ్బ సైకిలు తిప్పి చూసుకుంటున్నాడు. సారంగపాణి దగ్గరికి పోయాడు.

"ఆనందమ్మ నిన్నటి నుంచి వేరేవాళ్ళకాడ పూలు తీసుకుంటాంది" అన్నాడు చిన్నబ్బ, తలెత్తకుండా.

"నేను చెప్తాను."

"సెప్తావా? తెల్దంటావా?"

"ఇప్పుడే రా. నీ ముందరే చెప్తాను."

ఇద్దరూ వెనక వీధి మీదే పోయారు. పూల గదిలో పదిమంది ఆడవాళ్ళు మాలలు కడుతుండగా సారంగపాణి జరిగిందంతా చెప్పాడు. మొదటి నుంచి చివరి దాకా. ఆయన జీవితంలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. ఎవరూ దారం ముడి వెయ్యలేదు. ఆనందమ్మ ఆయన వంక చూడలేదు.

"చిన్నబ్బా, సోమవారం నుంచి రెండు గంపలు ఎయ్యి" అని మాత్రం అంది.

చిన్నబ్బ సరేనని వెళ్ళిపోయాడు.

సారంగపాణి ఇంటికి పోయే దారిలో వెంకటముని డ్యూటీ దిగి నడిచి వస్తున్నాడు. దాటిపోయాడనుకున్నాడు సారంగపాణి. వెంకటముని నాలుగడుగులు పోయి ఆగాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఇంట్లో సెప్పలా సామీ. నిన్న, మొన్న మల్లా ఏమీ తినలా. మీ ఇంట్లో ఆయమ్మకు ఇబ్బంది లేకుంటే, సోమవారం... యనక ఈది మీద రా. నేను ఆడికొచ్చి తీసుకుంటా."

సారంగపాణి తల ఊపాడు. అది వెంకటముని చూడలేదు.

ఇంట్లో కల్యాణవల్లి బియ్యం ఏరుతోంది. ఆయన చొక్కా విప్పకుండా ఆమె ఎదుట కింద కూర్చున్నాడు. చెప్పాడు. ఆఫీసులో ఎవరూ ఆమె పులిహోర మెచ్చుకోలేదని కూడా చెప్పాడు. ఆ మాట దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

చేటలో బియ్యం అటూ ఇటూ నెట్టింది.

"ఆ మొదటి శనివారం నేను అయిదు నిమిషాలు అడిగాను" అంది.

"అడిగావు."

"రోగం మనిషికని ఒక్క మాట చెప్పి ఉంటే మిరపకాయలు తీసేసేదాన్ని కదండీ. మిరియం వేసి ఉండేదాన్ని."

ఆమె చేట పక్కన పెట్టింది.

"ఆమె పేరేమిటి?"

సారంగపాణికి తెలియదు. పది రోజులు ఆ మూలమీద నిలబడ్డాడు. ఆమె ఎన్ని ముద్దలు తిన్నదీ విన్నాడు. పేరు అడగలేదు.

"ఇన్నాళ్ళు దేవుడి పేరు చెప్పి అన్నం పెట్టి, ఆ మనిషి పేరు అడగలేదా మీరు?" అంది కల్యాణవల్లి. "సోమవారం పెరుమాళ్ళకు చూపించేటప్పుడు ఎవరికోసమని చెప్పుకోవాలి నేను?"

సారంగపాణి లేచాడు. చొక్కా గుండీలు సరిచేసుకొని, చెప్పులేసుకొని, ఆ పేరు కనుక్కోవడానికి వెంకటముని ఇంటికి బయలుదేరాడు.